రెండు ముద్దలకే నిండే కడుపు

పొద్దున్నే పిచ్చుక రెండు ముద్దలు మింగి, కడుపు పట్టుకుని కంచం ముందు నుంచి లేచింది. పదిహేనేళ్ల ఆ పిల్లకు ఆ ముద్దుపేరు పెట్టింది నాయనమ్మే. అమ్మ కుట్టుమిషను మీంచి తలెత్తి ముందు కూతురి కంచం వైపు, తరువాత అత్తగారి వైపు అనుమానంగా చూసింది. వీధిలో సగం మందికి బట్టలు కుట్టేది ఆవిడే. ఎవరి నడుం ఎంతో టేపు పెట్టకుండానే చెప్పేస్తుంది. సొంత కూతురి సంగతే అంతుపట్టడం లేదు.

ముసలావిడ చాటుగా బిస్కెట్లు పెడుతోందని ఆమెకు గట్టి నమ్మకం. లేకపోతే రెండు ముద్దలకే కడుపు నిండడమేమిటి? స్కూలు డబ్బా రోజూ ఖాళీగానే తిరిగొస్తోంది. కడుపునొప్పంతా పరీక్షలు ఎగ్గొట్టే నాటకమని కూడా తేల్చేసింది. నాయనమ్మ ఒట్టు పెట్టుకుని మరీ తనకేమీ తెలియదంది. కోడలు చెవిన వేసుకుంటేగా.

ఆ సాయంత్రం పిల్ల స్కూలు స్కర్టు తెచ్చి, నడుం వదులైందంది. అమ్మ అలవాటు కొద్దీ దాన్ని లోపలివైపుకి తిప్పింది. బిగించిన కుట్లు మూడు వరసలున్నాయి. మూడూ తను వేసినవే. వదులైతే బిగించడం ఆమె పని, ఎందుకు వదులైందని ఏ కస్టమరునూ అడగదు. ఇన్నాళ్లూ కూతుర్నీ అడగలేదు.

"డబ్బాలో అన్నం ఎవరు తింటున్నారే?"

 ఆరు నెలలుగా పక్క బెంచీవాళ్లకు పెట్టేస్తున్నానని పిల్ల ఒప్పుకుంది. లావైపోతానని భయమట.

"మరి ఆ కడుపునొప్పి?"

"మొదట్లో అబద్ధమేనమ్మా. ఇప్పుడు నిజంగానే నొప్పి. తిందామన్నా రెండు ముద్దలకే ఉబ్బిపోతుంది. ఎవరూ నమ్మరని చెప్పలేదు."

 అయినా అమ్మ అనుమానం పూర్తిగా చావలేదు. మర్నాడు డాక్టరమ్మను సూటిగానే అడిగింది, ఇదీ నాటకమేనా అని. కాదందావిడ. నెలల తరబడి తిండి తగ్గిస్తే కడుపు పని మందగిస్తుందట, కాస్త తిన్నా గంటల కొద్దీ అరగక నొప్పెడుతుందట. వేళకు కొద్దికొద్దిగా పెడితే నెమ్మదిగా దారికొస్తుంది, మనసులో భయానికి విడిగా వైద్యం కావాలి, ఇంట్లో వాళ్లు నమ్మి తోడుండాలి అని చెప్పింది.

ఇంటికొచ్చాక అమ్మ, అత్తగారి దగ్గర తలొంచుకుని తప్పు ఒప్పుకుంది.

"నన్నన్నావని కాదే నా బాధ, దాని మాట నమ్మలేదని," అందావిడ.

కూతురి పక్కనే కూర్చుని అమ్మ కంచంలో నాలుగే ముద్దలు పెట్టింది. మూడో ముద్దకు పిల్ల చెయ్యి పొట్ట మీదికి పోయింది. వెంటనే తీసేసి, బెదురుగా అమ్మ మొహంలోకి చూసింది.

"ఎక్కడ నొప్పి తల్లీ? చూపించు."

ఆరు నెలల్లో ఆ మాట అడగడం అదే మొదటిసారి. పిల్ల అమ్మ చెయ్యి లాక్కుని పొట్టకు అదుముకుని, వెక్కివెక్కి ఏడ్చింది.