మారేడ్‌పల్లి ఆకు పొడి

"నీ ఎలుకలే తప్పు చెప్తున్నయ్ కృపా!"

ల్యాబ్ గుమ్మంలో వానకి తడిసిన చొక్కాతో నిలబడ్డాడు దయాకర్. మైక్రోస్కోప్ మీంచి తలెత్తింది దేవకృప. "మేడమ్, మీ అల్లుళ్ళు ఎట్లున్నరు?" అంటూ మగ ఎలుకల క్షేమం అడిగే మనిషి, ఇవాళ కళ్ళెర్రజేసుకుని ఉన్నాడు.

మారేడ్‌పల్లిలో దయాకర్ వాళ్ళ నాన్న సదాశివది మూలికల కొట్టు. పిల్లలు లేని మగవాళ్ళకి ఆయనిచ్చే ఆకు పొడికి మంచి పేరుంది. దేవకృప పీహెచ్‌డీకి ఆ ఆకు తెచ్చిచ్చింది దయాకరే. ఫలితం బాగుంటే ప్యాకెట్ మీద వేసుకోవచ్చని ఆశ. ఆకు వంకతో వచ్చి బోలెడు కబుర్లు చెప్పి వెళ్ళేవాడు. ఆ రాక కోసం ఆమె తలుపు వైపు చూడటం మొదలై చాలా రోజులైంది.

తీరా చూస్తే ఆకు సారం తాగిన ఎలుకల్లో వీర్యకణాలు బాగా తగ్గిపోయాయి. ఉన్నవీ చురుగ్గా కదలడం లేదు.

"మళ్ళీ లెక్కపెట్టించాను, ఏ ఎలుకకి ఏం పట్టామో తెలియని మనిషితో. అదే వచ్చింది."

"రేపు సెమినార్‌ల చెప్పకు. జెర ఆగు. మా నాయన పరువు పోతది."

"మనుషుల్లోనూ ఇంతేనని నేను అనను. కానీ దాచమంటే మాత్రం దాచను."

"గంతేనా? మన మధ్య ఏం లేదా?"

"ఉంది కాబట్టే ఇంకా మాట్లాడుతున్నా."

విసురుగా వెనక్కి తిరిగినవాడు అక్కడే ఆగిపోయాడు.

"మా లక్ష్మణ్ అన్న పెండ్లైనకాడి నుంచి గదే పొడి తాగుతుండు కృపా. పిల్లల్లేరని అందరు వదినెను అంటున్నరు. ఒకవేళ పొడి వల్లనే ఐతే... మా నాయన చేతులతోనే..."

మాట పూర్తికాలేదు. అతనిది కోపం కాదు, భయమని అప్పుడర్థమైంది ఆమెకి.

"ఆకు ఆపేసిన ఎలుకల్లో కణాలు మళ్ళీ పెరిగాయి దయా. మీ అన్నయ్యని ముందు డాక్టర్‌కి చూపించు. నాన్నకి నువ్వే చెప్పు."

మర్నాడు సెమినార్ హాల్లో, ఆఖరి వరసలో సదాశివ కనిపించాడు. అయినా దేవకృప ఒక్క అంకె కూడా దాటెయ్యలేదు.

ప్రశ్నలు అడగమన్నప్పుడు ఆయనే లేచాడు. హాలంతా అటు తిరిగింది.

"గా పొడి అమ్మేది నేనే బిడ్డా. ఆపితే బాగైతదా?"

"ఎలుకల్లో అయింది అంకుల్. మనుషుల సంగతి నాకు తెలియదు. తెలిసేదాకా ఆపడమే మంచిది."

"పొద్దుగాలనే కొట్ల నుంచి తీసేసిన. కొన్నోళ్ళకు ఫోన్లు సుత చేస్త."

బయట ఇంకా వాన పడుతూనే ఉంది. మెట్ల మీద దయాకర్.

"అన్న టెస్టులకు పోయిండు. వదినె నీకు థాంక్స్ చెప్పమంది."

"మరి నువ్వు?"

"నిన్న నీ మీద అరిసిన. సారీ." ఒక మెట్టు పైకెక్కాడు. "నన్ను పెండ్లి చేసుకుంటవా?"

"ఇక్కడా? అందరూ చూస్తున్నారు!"

వెనకనుంచి సదాశివ దగ్గాడు. "మీ అమ్మ ఇంట్ల ఎప్పుడుంటది బిడ్డా? నేనొచ్చి మాట్లాడ్త."

"ఆదివారం, చర్చి నుంచి వచ్చాక ఉంటుంది అంకుల్," అనేసింది.

దయాకర్ పకాలున నవ్వేదాకా ఆమెకి తట్టనేలేదు, అతనికి ఇంకా అవునని చెప్పలేదని.