స్వాహాకి ముందు పేరు

ఏజెంట్ ధర్మని చంపడానికి తూటా ఖర్చు కాలేదు.

చింతూరు సంతలో పట్టపగలు ఎక్కడో స్పీకర్ మోగింది. ధర్మ టీ గ్లాసు కింద పెట్టి, రోడ్డు దాటి, మండుతున్న ఇటుకబట్టీలోకి నడిచి వెళ్ళిపోయాడు.

"సర్పయాగం," అన్నాడు చీఫ్ లక్ష్మీప్రసాద్. పాడేరులో ఒక జిరాక్స్ షాపు వెనక గది అది. మన్యంలో మనుషుల్లా బతుకుతున్న నాగుల సీక్రెట్ సర్వీసుకి అదే హెడ్డాఫీసు. "జనమేజయుడి మంత్రాన్ని విదేశీ ముఠా ఒకటి సంపాదించింది. రహస్యనామం చెప్పి స్వాహా అంటే చాలు, ఆ నాగు మంటలోకి నడవాల్సిందే. మనం పోతే ఈ కొండల కింది ఖనిజానికి కాపలా ఉండదు."

"పేర్లు ఆళ్ళకెవులు సెప్పినారు?" సోములమ్మ అడిగింది. ధర్మ ఆమె మొగుడు.

"డబుల్ ఏజెంట్ సోని. ఢిల్లీలో పెరిగిన మన పిల్లే. మూడొందల పేర్లు ఎత్తుకుపోయింది. మేకప్ లేని మొహం ఎవరూ చూడలేదు. ఈరోజు పన్నెండింటికి అరకులో యాగం. తొమ్మిదింటి జీపులో వెళ్తోందని టిప్. ప్రాణాలతో కావాలి."

పాము పగ పన్నెండేళ్ళంటారు. సోములమ్మకి పన్నెండు గంటలు ఆగే ఓపిక కూడా లేదు.

సోములమ్మ ఎక్కిన జీపులో తొమ్మిది మంది ఆడవాళ్ళు. అందరిదీ ఒకటే చీరకట్టు, అవే ముక్కుపుడకలు. అరకు పొలిమేర వచ్చినా సోములమ్మకి ఆనవాలు దొరకలేదు. ఒక ముసలమ్మ ఒళ్ళో మామిడికాయల బుట్ట ఉంది. పక్కనున్న అందగత్తె చనువుగా ఒక కాయ తీసి కసుక్కున కొరికింది.

"ఏటే గుంటా! కొత్త పండగవకుండానే కొరికీసినావా?" ముసలమ్మ గుండె బాదుకుంది.

అమ్మవారికి పెట్టందే ఈ కొండల్లో కొత్త కాయ పసిపిల్ల నోట కూడా పెట్టరు. జీపు ఒక రిసార్టు ముందు ఆగగానే సోములమ్మ ఆ అందగత్తె చెయ్యి పట్టి దింపింది.

"నడు, సోనీ."

సోని నవ్వి ఫోన్ నొక్కింది. "టూ లేట్. మొదటి పేరు నీదే."

రిసార్టు వెనక హోమగుండం భగ్గుమంది. స్పీకర్లు అందుకున్నాయి. "మణిరేఖాయై స్వాహా!"

సోములమ్మ కాళ్ళు ఆమె మాట వినడం మానేశాయి. చేతులు మాత్రం ఇంకా ఆమెవే. సోని నడుము చుట్టి బిగించింది.

"తక్షకుడు ఇంద్రుణ్ణి సుట్టుకుంటే ఏటయిందో తెల్దా? సహేంద్ర తక్షకాయ అన్నారు. ఇద్దరూ గుండంకేసి జారినారు. నడు, నువ్వే నా ఇంద్రుడివి."

పదడుగులు. అయిదు. "ఆపండి!" సోని అరిచింది. రిసార్టు మేడ మీంచి చూస్తున్న ముఠా తెల్లవాళ్ళు బైనాక్యులర్స్ కూడా దించలేదు. సోని జుట్టు కమురు వాసన వేసింది.

"డిలీట్ కోడ్ కొట్టు! కాలనేత్ర! నా అసలు పేరు!"

సోములమ్మ ఒక చేత్తో సోని ఫోన్ లాక్కుని అందులోనే కొట్టింది. మూడొందల పేర్లు చెరిగిపోయాయి. గుండం అంచున కాళ్ళు ఆగాయి. మంత్రం మాత్రం ఆగలేదు. పేరు కోసం స్పీకర్లు గుయ్యిమంటున్నాయి.

సోని రొప్పుతూ నవ్వింది. "ప్రాణాలతో తెమ్మనే ఉంటారు. నువ్వు నన్నేం చెయ్యలేవు."

"నా ధర్మని కాల్సీసినావు," అంది సోములమ్మ. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. సోనిని వదిలేసి, స్పీకర్లకి కలిపిన ఆ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. "కాలనేత్రాయై స్వాహా."

మేడ మీది వాళ్ళని పోలీసులు వ్యానెక్కిస్తుంటే చీఫ్ లైన్లోకొచ్చాడు. "ప్రాణాలతో అన్నాను కదమ్మా! రిపోర్టులో ఏం రాయను?"

"అగ్నిప్రమాదమని రాయండి సార్. పాముకాటని మాత్రం రాయకండి. సెయ్యని పనికి మనోళ్ళకి సెడ్డపేరెందుకు?"