వదిలితే వచ్చే చప్పుడు

పొద్దున్నే జోజి పికప్పు బండి బయటికి తీసేసరికి విశ్రాంతమ్మ అన్నం గిన్నె ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుని ఉండేది. జూలూరుపాడులో ఆ వీధి ఆడవాళ్లకు ఇదో వింత. పెళ్లయిన కొత్తలో డీజిల్ వాసనకు కడుపులో తిప్పుతుందని బండి దరిదాపులకు రాని మనిషి, మనవరాలు బడికెళ్లే వయసులో మొగుడి పక్కన సంతలు తిరుగుతోందని నవ్వుకునేవాళ్లు. నవ్వుకుంటే నవ్వుకోనీ, ఆమెకేం పట్టేది కాదు.

అసలు సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. జోజికి చెవులు పోతున్నాయి. వెనక లారీ ఎంత మోగించినా ఆయన రోడ్డు మధ్యలోనే పోతున్నాడని కిందటి క్రిస్మస్ ముందు కనిపెట్టింది. కొడుకు ప్రభుకు తెలిస్తే ఆ వారమే బండి అమ్మించేస్తాడు. సంతకు కూరగాయల మూటలు, మూటల మీద జనం, దారి పొడవునా పలకరింపులు, ఇవి లేని జోజి ఇంట్లో మంచం పట్టేస్తాడని ఆమె భయం. అందుకే తనే ఎక్కి కూర్చుంది. వెనక హారన్ మోగితే ఆయన భుజం మీద చెయ్యి వేసేది. ఆయన అద్దంలో చూసి పక్కకు జరిగేవాడు.

అంతా బాగానే జరిగేది గానీ, ఈస్టర్ నుంచి బండి వెనక ఇరుసులో ఓ కూత మొదలైంది. ముందు సన్నగా, పోనుపోను గట్టిగా. చెబుదామని నోటిదాకా వచ్చేది. చెబితే, మరి నాకెందుకు వినపడలేదని ఆయన అడుగుతాడు. ఆ మాటకు భయపడి ఆమె నోరు కట్టేసుకుంది. కొండంత దేవుడున్నాడు, ఆయనే చూసుకుంటాడులే అనుకుంది. దేవుడికి ఇరుసులో ఆయిల్ పోసే పని అప్పజెప్పడం ఏం న్యాయమో ఆమెకే తెలియాలి.

ఆ రోజు దమ్మపేట సంతకు పోతుంటే చండ్రుగొండ దాటాక అడవిలో బండి వెనక భాగం గుంజి పట్టేసింది. జోజి దిగి చూస్తే ఇరుసు మధ్యలో గేర్లుండే గుండు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది, కింద నల్లగా ఆయిల్ కారుతోంది. జనాన్ని వేరే బండి ఎక్కించారు. ప్రభు ట్రాక్టర్ తెచ్చి, మోకు కట్టి, పికప్పును ఇంటి ముందుకు లాగించాడు.

ఇంటికొచ్చాక తండ్రి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇగ చాలు నాయినా. పాత ఇనుప సామానుకు ఇచ్చేద్దాం. ఈ వయసుల నువ్వు తిరుగుడే గాక అమ్మను గూడ తిప్పుడేంది?"

జోజి, కొడుకు పెదాల వైపే చూశాడు. "అమ్ముడు తర్వాత. ముందు ఏం పోయిందో చూడనీ." వెనక చక్రాలు లేపి కింద దిమ్మెలు పెట్టాడు. పెట్టాక భార్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. పోంగ ఏం చప్పుడొచ్చింది?"

"ఆమెనడుగుతవేంది? నువ్వు లేవా బండ్ల?" అన్నాడు ప్రభు.

జోజి ఆ మాట విననట్టే ఉన్నాడు. "సక్కగ చెప్పు విశ్రాంతం. జాగ తప్పి విప్పితే గేరు పండ్లన్నీ కరాబైతయ్. అప్పుడు ఇనుప సామానే ఇది."

ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. అబద్ధం చెబితే బండి పోతుంది. నిజం చెబితే ఏం పోతుందో ఆమెకు తెలుసు.

"ఎక్సలేటర్ తొక్కితే వచ్చిందా, వదిలితే వచ్చిందా?"

"వదిలితే. వాగు కాడ దిగుడుల బాగొస్తది."

"మలుపుల పెరుగుతదా?"

"లే. మలుపుల గూడ గదే తీరు."

"మొదట్ల ఎట్లుండె?"

"సన్నగ ఈల లెక్క. వానలు పడ్డంక గరగర అయింది."

"ఎప్పటి సంది?"

"ఈస్టర్ కాడి సంది," అంది చివరికి.

ప్రభు తల్లి ముఖం చూశాడు, తండ్రి ముఖం చూశాడు. మెల్లగా తండ్రి వెనక్కి పోయి నిలబడ్డాడు. "నాయినా," అన్నాడు. జోజి కదలలేదు. "నాయినా, బండి తాళం ఇయ్యి." జోజి భార్యనే చూస్తున్నాడు.

ప్రభు అరుగు మీద కూలబడ్డాడు. "నా బిడ్డ మహిమ గూడ ఎక్కింది ఈ బండి. తెలిసే ఎక్కించినవా అమ్మా?"

ఇన్నాళ్లూ విశ్రాంతమ్మ మొగుణ్ణి కాపాడుతున్నాననుకుంది. మూటల మీద కూర్చున్న జనం, పసిపిల్ల ఆమె లెక్కలోకి రాలేదు. ఏడుపు ఆగలేదు. జోజి దగ్గరికొచ్చి, "ఏందే, ఎందుకేడుస్తున్నవ్?" అన్నాడు. ఆమె ముఖమెత్తి, ఆయనకు పెదాలు కనపడేట్టు చెప్పింది. "నీకు వినపడ్తలేదని నాకెప్పుడో తెలుసు. చప్పుడు సంగతి చెబితే నీ మనసు విరుగుతదని చెప్పలే."

జోజి పాతగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "నా చెవుల సంగతి నాకు మాత్రం తెల్వదనుకున్నవా? నాకు చెవుల్లేవని నీకు తెలిస్తే నువ్వు నా బండి ఎక్కవని భయపడ్డ. ఇన్నేండ్లకు పక్కన కూసున్నవ్. భుజం మీద చెయ్యేస్తున్నవ్." అంటూనే బండి కిందికి దూరాడు.

కాసేపటికి ప్రభు కూడా చొక్కా విప్పి కిందికి దూరాడు.

కాలు వదిలితే వచ్చి మలుపులో మారని చప్పుడు ఎక్కడిదో జోజికి తెలుసు, తప్పు అక్కడే ఉంది. పొడుగు షాఫ్టు కొసన ఉండే చిన్న గేరు, పినియన్ అంటారు, చేత్తో ఊపితే పైకీ కిందికీ ఆడింది. ముందరి సీలు చిరిగి ఆయిల్ కారిపోయి, దాని బేరింగు అరిగింది. మిగిలిన ఆయిల్‌లో ఇనుప పొడి మెరిసింది. అదృష్టం బాగుండి పెద్ద గేరు పండ్లు చెక్కుచెదరలేదు. ప్రభు కొత్తగూడెం పోయి బేరింగులు, సీలు తెచ్చాడు. పండ్లకు తెల్లరంగు పూసి తిప్పి, రాపిడి గుర్తు పండు మధ్యలో పడేదాకా తండ్రీకొడుకులు సందు సరిచేసే పల్చటి రేకులు మార్చి మార్చి బిగించారు.

అన్నీ అయ్యాక ప్రభు తాళం తన జేబులో వేసుకున్నాడు. "బండి అమ్మను. గని చెవుల డాక్టరుకు చూపించుకునేదాక నువ్వు నడపొద్దు."

"అవ్, గట్లనే," అన్నాడు జోజి. విశ్రాంతమ్మకు ఆశ్చర్యమేసింది. ఆయన ఆ మాటకోసమే ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

ఖమ్మంలో చెవికి మిషను పెట్టించారు. మొదటి రోజు జోజి కాకి అరిచినా ఉలిక్కిపడ్డాడు. ప్రభు పక్కన కూర్చుని ఊరి చుట్టూ నడిపించి చూసి, అప్పుడు తాళం చేతిలో పెట్టాడు.

మళ్లీ సంత రోజొచ్చింది. విశ్రాంతమ్మ అన్నం గిన్నె కట్టి గుమ్మంలోనే నిలబడింది. ఇప్పుడు ఆమె ఎక్కడానికి కారణం లేదు. జోజి ఇంజన్ ఆన్ చేసి, పక్క తలుపు తీసి పట్టుకున్నాడు. వీధి ఆడవాళ్లు చూస్తుండగానే ఆమె ఎక్కింది.

వాగు దిగుడులో ఆయన ఎక్సలేటర్ మీంచి కాలు వదిలాడు. వెనక ఏ కూతా లేదు. ఇద్దరూ చెవులు రిక్కించి విన్నారు. అంతలో వెనక లారీ హారన్ మోగింది. ఆమె చెయ్యి అలవాటుగా ఆయన భుజం మీద పడింది. అప్పటికే ఆయన అద్దంలో చూసి బండిని పక్కకు తీశాడు. ఆమె సిగ్గుపడి చెయ్యి తీయబోయింది.

"ఉండనీ," అన్నాడు జోజి.

లారీ దాటిపోయింది. దమ్మపేట వచ్చేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.