గోతిలో పడని మనిషి

షారోన్ కుర్చీలో కూర్చోకముందే ఏడుపు మొదలుపెట్టింది. పుప్పాలగూడలో కర్రీ పాయింట్ పైనున్న ఆ చిన్న ఆఫీసుకు ఏడుస్తూ వచ్చేవాళ్ళు కొత్తేమీ కాదు. అయినా, డిటెక్టివ్ పుణ్యవతి దగ్గర అసిస్టెంటుగా చేస్తున్న ఆంజనేయులుకు ఎవరైనా ఏడిస్తే చాలు, కాళ్ళూ చేతులూ ఆడవు. గబగబా మంచినీళ్ళ గ్లాసు తెచ్చిపెట్టాడు.

"ఆ మెయిల్ నేను పంపలేదండీ. ఒట్టు!"

సంగతేమిటంటే, శనివారం మధ్యాహ్నం నల్లగండ్లలోని షారోన్ ఫ్లాట్లో నలుగురు చేరి ట్యాబ్లెట్ల మీద ఒక ఆట ఆడుకుంటున్నారు. ఆ సమయంలోనే షారోన్ ట్యాబ్ నుంచి ఆమె మేనేజరుకు రాజీనామా వెళ్ళిపోయింది. ఉత్త రాజీనామా అయితే సరే. అందులో ఆయన్ని తిట్టిన తిట్లు నోటితో చెప్పలేనివి.

"అది పంపింది నేను కాదని రేపు పొద్దున్నలోగా నిరూపించాలట. లేకపోతే ఉద్యోగం పోతుంది, ఈ మచ్చతో ఇంకెవరూ తీసుకోరు. నా ఇల్లు, నా ట్యాబ్, నా మెయిల్. ఎటు తిరిగినా గోడేనండీ," అంది షారోన్.

"మెయిల్ వెళ్ళినప్పుడు మీరెక్కడున్నారు?" అని అడిగింది పుణ్యవతి.

"బిర్యానీ తీసుకోవడానికి కిందికి దిగాను. లిఫ్ట్ పనిచేయట్లేదు, మెట్లెక్కి వచ్చేసరికి ఆలస్యమైంది. ఆట తెరిచే ఉంది కాబట్టి ట్యాబ్ లాక్ పడలేదు."

అప్పుడు ఇంట్లో ఉన్నది ముగ్గురే. షారోన్ పిన్ని కొడుకు జోయెల్. ఆమె సాఫ్ట్‌వేర్ టీములో, ఆమె కిందే పనిచేసే స్నేహితురాలు రసజ్ఞ. షారోన్ టీమ్ లీడ్ కుర్చీ మీద కన్నేశాడని ఆఫీసంతా చెప్పుకునే ఆదర్శ్.

"ఇంక ఫికరేంది మేడం? ఆ కుర్చీ కావాల్నన్నోడే పంపిండు!" అన్నాడు ఆంజనేయులు.

"ఆగవయ్యా, నీ తొందర తగలెయ్య! ముందు ఆ ఆటేమిటో చెప్పనీ."

షారోన్ కళ్ళు తుడుచుకుని చెప్పింది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు అందులో పాత్రలు. నడిపేది షారోన్. ఆమె తెరమీద కోట పటం మొత్తం కనిపిస్తుంది. ఆడేవాళ్ళ తెరమీద మాత్రం తమ పాత్ర చుట్టూ కాస్త వెలుగు, మిగతాదంతా నలుపు. దాచిపెట్టిన గోతులైతే కాలు పడేదాకా కనిపించవు.

"కిందికి దిగేముందు ఏం చేశారు?"

"సొరంగంలో గోతులు గీశాను. అప్పుడే తట్టింది, ఎవరికీ చెప్పలేదు."

"తిరిగొచ్చాక?"

"ట్యాబ్ ఒళ్ళో పెట్టుకునే తిన్నాను, మళ్ళీ ఆడాం. సొరంగాన్ని ఒక్కొక్కరూ విడిగా దాటాలి. ముందు రసజ్ఞ దాటేసింది. జోయెల్, ఆదర్శ్ గోతుల్లో పడ్డారు. ఒకటే నవ్వులు. అంతలో మేనేజరు ఫోన్ చేశాడు."

"పాత్ర ఏ దారిన నడిచిందో ట్యాబ్‌లో మిగులుతుందా?"

"గీతలా ఉంటుందండీ. ఇదిగో."

పుణ్యవతి ట్యాబ్ అందుకుని చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అంటే ఏదో దొరికిందని ఆంజనేయులుకు అర్థమైంది. ఏం దొరికిందో మాత్రం అంతుపట్టలేదు. ఎప్పుడు అంతుపట్టింది గనక!

సాయంత్రం అందరినీ షారోన్ ఫ్లాటుకే రప్పించారు. ఆంజనేయులు తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని, ఆదర్శ్ మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడు.

"షారోన్ కిందికెళ్ళినప్పుడు ఆమె ట్యాబ్‌ని ఎవరైనా ముట్టుకున్నారా? కనీసం తొంగిచూశారా?" అని అడిగింది పుణ్యవతి.

"నేనేంది, వంటింట్ల ప్లేట్లు కడుగుతున్న. అక్క ట్యాబ్ దిక్కు పోనే లేదు," అన్నాడు జోయెల్.

"బాల్కనీలో ఫోన్ మాట్లాడుతున్నానండి. ముందు నన్నే అంటారని తెలుసు," అన్నాడు ఆదర్శ్ కందగడ్డలా మొహం చేసుకుని.

"నేను బాత్రూంలో ఉన్నానండి. దాని వంకైనా చూళ్ళేదు," అంది రసజ్ఞ.

పుణ్యవతి ట్యాబ్‌ని టీపాయ్ మీద అందరికీ కనిపించేలా పెట్టింది.

"ఇదీ సొరంగం. మొదటి గొయ్యి ఎడమపక్క ఉంది. రసజ్ఞగారి పాత్ర కుడి గోడను ఆనుకుని పోయింది. రెండోది కుడిపక్క. సరిగ్గా దానికి ముందు ఎడమకు మళ్ళింది. మూడోది మళ్ళీ ఎడమన. మళ్ళీ కుడికి. ఒకటి తప్పితే అదృష్టం అనుకుందాం. మూడూ తప్పాయంటే చూసి నడిచినట్టే. గోతులు గీసింది కిందికి దిగేముందు, తిరిగొచ్చాక ట్యాబ్ షారోన్ ఒళ్ళోంచి కదల్లేదు. ఆ మధ్యలో ట్యాబ్ పట్టుకున్నవాళ్ళకే అవి తెలుస్తాయి. అసలు చూడనే లేదని ఇప్పుడే అబద్ధమాడారు, ఎందుకమ్మా?"

ఆంజనేయులు నోరు తెరిచాడు. ఆదర్శ్‌ని అన్యాయంగా గుడ్లురిమి చూశానే అని సిగ్గుపడ్డాడు.

"ఆట కోసం... ఊరికే తొంగిచూశాను," అంది రసజ్ఞ.

"సరే. మీరు ట్యాబ్ దగ్గరున్నప్పుడు ఇంకెవరైనా అక్కడికి వచ్చారా? పేరు చెప్పండి."

రసజ్ఞ జోయెల్ వైపు చూసింది, ఆదర్శ్ వైపు చూసింది. ఎవరి మీదికీ నెట్టడానికి నోరు రాలేదు. తల దించుకుంది.

"నువ్వా? ఎందుకే?" అంది షారోన్. ఆమె గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువుంది.

"ఏడాదిగా వేరే టీముకి పంపించమని బతిమాలుతున్నాను. నువ్వు సరేననందే కదలనివ్వరు. అడిగినప్పుడల్లా 'ఈ రిలీజ్ అయిపోనీవే' అన్నావు. నీ రిలీజులు అవుతూనే ఉన్నాయి, నాకే రిలీజ్ లేదు. పొద్దున్న లేస్తే ఊపిరాడట్లేదే! నువ్వు పోతేనైనా వదుల్తారనుకున్నాను."

"నేను ఒప్పుకోకపోతే ఇంకెవరితోనైనా చెప్పుకోవాల్సింది కదా!"

"ఎవరితో చెప్పుకోమంటావే? నాకున్న ఫ్రెండువీ నువ్వే."

రసజ్ఞ అక్కడే తన ఫోన్ తీసి, మెయిల్ పంపింది తానేనని మేనేజరుకు రాసి పంపేసింది. షారోన్ ఉద్యోగం నిలబడింది. అయినా ఎవరి మొహంలోనూ సంతోషం లేదు. ఆంజనేయులు కుర్చీ పక్కకు జరిపి తలుపు తెరిచాడు, కానీ ఎవరూ లేవలేదు.

షారోన్ ట్యాబ్ ఒళ్ళోకి తీసుకుంది. ఆఫీసు పేజీ తెరిచి, ఏడాదిగా తన దగ్గరే ఆగిపోయిన రసజ్ఞ బదిలీ దరఖాస్తు కోసం వెతికి, అనుమతి ఇస్తున్నట్టు వేలితో నొక్కింది.

రసజ్ఞ ఫోన్ టింగుమంది. చూసుకుంది.

"రేపట్నుంచి నాకు ఉద్యోగమే ఉండదు కదే," అంది.