చేదు మాయమైన కషాయం

మూలికల షాపు యజమానురాలు మెట్లెక్కి పైనున్న డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చేసరికి ఆయాసపడుతోంది. పొడి డబ్బా ఒకదాన్ని చంటిబిడ్డలా రెండు చేతులతో గుండెకి హత్తుకుని ఉంది.

"నా షాపు మూతపడేలా ఉందండీ," అంది కుర్చీ అంచున కూర్చుంటూ. "నేను విషం అమ్మానంటున్నారు."

ప్రైవేట్ డిటెక్టివ్ తల ఊపాడు. ఆయన్ని అందరూ త్రాసు అంటారు. ఎవరి మాటనీ తూచకుండా తీసుకోడు. ఆయన అసిస్టెంటుకి బేరం అన్న పేరు బట్టల షాపులో సేల్స్‌మన్‌గా ఉన్నప్పుడే పడింది. గడప దాటి వచ్చిన మనిషి కొనే రకమా, ఊరికే చూసిపోయే రకమా అని లెక్కకట్టే అలవాటు అతనికి ఇంకా పోలేదు. ఈవిడ కల్తీ సరుకు అమ్మే రకం కాదని మొదటి చూపులోనే తేల్చేశాడు. ఆ మాట పైకి అనలేదు. తూకం వేయడం గురువుగారి పని.

జరిగింది ఇది. పక్క వీధిలోని పెద్దాయన, బస్ స్టేషన్‌లో అనౌన్సర్‌గా చేసి రిటైరైన మనిషి, అజీర్తికని ఆవిడ పొడితో కషాయం తాగుతున్నాడు. ఒకరోజు మెట్ల మీద కూలబడ్డాడు. కాళ్లు వాచాయి, బీపీ ఎగబాకింది, రక్తంలో పొటాషియం పడిపోయిందన్నారు హాస్పిటల్లో. బయటి మందులేమైనా వాడుతున్నారా అని డాక్టరు అడిగితే ఇంట్లోవాళ్లు ఈ డబ్బా ఒక్కటే చూపించారు. కోలుకుని ఇంటికొచ్చాడు గానీ, ఆయన కొడుకు షాపు ముందు నిలబడి వీధంతా వినేలా అరిచాడు. సాయంత్రంలోగా షట్టర్ దించకపోతే అధికారులకి ఫిర్యాదు చేస్తాడట.

"ఏం కలుపుతారు ఇందులో?" అన్నాడు త్రాసు.

"శొంఠి, జీలకర్ర, మెంతులు. శొంఠి వికారాన్ని తగ్గిస్తుంది, జీలకర్ర పొట్ట ఉబ్బరానికి మంచిది. సర్వరోగాలూ పోతాయని నేనెప్పుడూ చెప్పలేదండీ."

బేరం చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. అతని ముఖం పిండిన గుడ్డలా ముడుచుకుపోయింది. "అమ్మో! దీన్ని డబ్బిచ్చి కొంటున్నారా?"

"చేదు తగ్గించమని అందరూ అడుగుతారు," అందావిడ. "తగ్గించాలంటే మెంతులు తీసెయ్యాలి. అప్పుడది నా పొడెలా అవుతుంది?"

పెద్దాయన ఇంటికి వెళ్లేదాకా బేరం నోట్లో ఆ చేదు పోలేదు.

పెద్దాయన దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. వాళ్లని చూడగానే గొంతు సవరించుకున్నాడు. "ప్రయాణికులకు మనవి. డిటెక్టివ్ గారు ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీదకి వచ్చియున్నారు!"

"కషాయం ఎలా ఉండేదండీ?" అన్నాడు త్రాసు నవ్వుతూ.

"మొదట్లో ముక్కు మూసుకుని మింగేవాణ్ణి. మా ఆవిడ అటు తిరగ్గానే సింకులో పోసిన రోజులూ ఉన్నాయి. తర్వాత అలవాటైంది. ఇంకో గ్లాసు పొయ్యవే అని అడిగి మరీ తాగేవాణ్ణి."

వంటగది గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య చూపు దించుకుని చేతులు కొంగుకి తుడుచుకుంది.

అంతలో కొడుకు వచ్చాడు. వేలంపాటలు వేయించడం అతని వృత్తి. భుజాన ఉన్న సంచిలోంచి ఏదో పుల్ల తీసి బుగ్గలో పెట్టుకుని నమలసాగాడు. "ఇంకా ఎంక్వైరీ దేనికండీ? చేసింది ఆవిడే కదా!" అని పుల్లని రెండో బుగ్గలోకి మార్చాడు. కొనే ఉద్దేశం లేకుండా అరలోని బట్టలన్నీ దింపించే రకం అనుకున్నాడు బేరం.

"ఇంట్లో వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"బీపీ బిళ్ల తప్ప ఏ మందూ లేదు," అన్నాడు కొడుకు.

"ఏ మందూ లేదు బాబూ," అంది పెద్దావిడ.

త్రాసు మంచినీళ్లకని వంటగదిలోకి వెళ్లాడు. వడపోసే జల్లెడని వెలుగులో పట్టి చూశాడు. జాలీలో పసుపుపచ్చని పీచు ఇరుక్కుని ఉంది. ఒక పోగు లాగి నోట్లో వేసుకున్నాడు. బేరం ఆపేలోపే నమిలేశాడు.

"చక్కెర డబ్బా ఎక్కడ పెద్దమ్మా?"

"చక్కెరా! డాక్టరు వద్దన్న రోజు నుంచీ మా ఇంట్లో అది లేదయ్యా."

త్రాసు తల పంకించి, షాపావిడని పిలిపించమన్నాడు. ఆవిడ వచ్చాక పెద్దాయన వాడిన డబ్బాలోని పొడితోనే ఆవిడ చేతే కషాయం కాయించి, అందరినీ ముందు గదిలో కూర్చోబెట్టాడు. పెద్దాయన చేత ఒక్క గుక్క తాగించాడు.

"తూ! ఇది కాదు," అని కేక పెట్టాడు పెద్దాయన. "నేను తాగింది తియ్యగా ఉండేది!"

"డబ్బా మీదేనండీ. మరి చేదు ఎటు పోయింది? అలవాటైతే చేదు ఓర్చుకుంటాం. తీపి అవదు కదా. చక్కెర లేని ఇంట్లో ఆ తీపి ఎక్కడిది?" త్రాసు కొడుకు వైపు తిరిగాడు. "బుగ్గలో ఉన్నది ఒకసారి బయటికి తీస్తారా?"

కొడుకు తెల్లబోయి పుల్ల తీశాడు. నమిలిన చోట పసుపుపచ్చని పీచు.

"ఇది అతిమధురం మొక్క వేరు," అన్నాడు త్రాసు. "గొంతుతో బతికేవాళ్లకి ఊరట ఇస్తుంది. ఆ గుణం అబద్ధం కాదు. కానీ రోజూ గ్లాసుల కొద్దీ పోస్తే ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుంది, పొటాషియాన్ని బయటికి తోసేస్తుంది. బీపీ ఉన్నవాళ్ల మీద దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. మూలికైనా, మాత్రైనా పనిచేసే సరుకే; మోతాదు మించితే తగులుతుంది. పెద్దమ్మా, అబ్బాయి సంచిలోంచి తీసుకున్నారు కదూ?"

పెద్దావిడ కళ్లు నిండాయి. "ఈయన సింకులో పోసేస్తున్నారని నాకు తెలుసయ్యా. రెండు పుల్లలు దంచి వేశాను. ఇష్టంగా తాగుతుంటే ఇంకాస్త వేశాను."

"మరి ఏ మందూ లేదన్నారే?"

"అది మందెలా అవుతుంది బాబూ? పుల్ల కదా!"

కొడుకు తల పట్టుకున్నాడు. "అమ్మా! సంచి ఖాళీ అవుతోందని నా దగ్గర పనిచేసేవాళ్లందరినీ తిట్టిపోశాను కదే!"

త్రాసు డాక్టరుకి ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు. కారణం అదే అయి ఉంటుందని, ఇక ఆ వేరు జోలికి పోవద్దని ఆయన అన్నాడు. పెద్దాయన భార్య చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను చంపేంత ప్రేమ ఉందని ఇన్నేళ్లూ చెప్పలేదేమే?" షాపావిడ కూడా నవ్వేసింది.

ఇక కొడుకు వంతు. "నింద వీధిలో వేశారు," అన్నాడు త్రాసు. "వాపసు తీసుకోవాల్సిందీ అక్కడే."

సాయంత్రం షట్టర్ పైకే ఉంది. కొడుకు షాపు ముందు నిలబడి వేలంపాట గొంతుతో అందుకున్నాడు. "ఈ షాపు పొడిలో ఏ దోషమూ లేదు! తప్పు మాదే! ఒకటోసారి! రెండోసారి! మూడోసారి!" వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఏ బోర్డు పెట్టినా ఇంత మంది కళ్లు షాపు మీద పడవు. ఆవిడకి నష్టం పోగా ఎంత మిగిలిందో బేరం మనసులోనే లెక్కేసుకుని గురువుగారి వైపు ఆరాధనగా చూశాడు.

మూడోసారికి కొడుకు గొంతు బొంగురుపోయింది. చెయ్యి అలవాటుగా సంచిలోకి పోయి, మధ్యలోనే ఆగింది. అతను మెల్లగా షాపు మెట్టెక్కాడు.

"అక్కా, గొంతుకి ఏమైనా ఉందా?"

షాపావిడ అతన్ని ఎగాదిగా చూసి, కౌంటరు మీద మోచేతులు ఆనించింది.

"ముందు మీరేం మందులు వాడుతున్నారో చెప్పండి. పుల్లలతో సహా."