గొడుగుల కొట్టులో వెలిసిన పేజీ

వాన కురిసే పూట గొడుగుల కొట్టు మనిషి ఏడుస్తూ రావడం ఆడిటరుగారి దగ్గర పనిచేసే కమీషను ఎన్నడూ చూడలేదు. ప్రతి వ్యాపారానికీ ఒక పంటకాలం ఉంటుంది. వాళ్ళ పంట ఆకాశంలోంచే రాలుతుంది. అలాంటిది, ఆ ఉదయం ఆడిటరుగారి గదిలోకి వచ్చిన ఆవిడ చేతిలో మంచి నల్ల గొడుగు ఉంది, బట్టలు పొడిగా ఉన్నాయి, కళ్ళు మాత్రం తడిసి ఉన్నాయి.

ఆడిటరుగారు ఒకప్పుడు నిజంగానే కంపెనీల పద్దులు తనిఖీ చేసేవారు. తప్పు పట్టడం కంటే తప్పు చేసినవాణ్ణి పట్టడంలో రుచి మరిగి ప్రైవేటు డిటెక్టివుగా బోర్డు కట్టారు. పాత పేరు మాత్రం ఆయన్ను వదల్లేదు. కమీషను అంతకుముందు సరుకుల దలాలి, పేరూ అలా వచ్చిందే. ఇప్పుడు ఆయనకు సహాయకుడు. బోర్డు మీద ఆయన పేరొక్కటే ఉండటం అతనికి అప్పుడప్పుడు గుచ్చుకునేది. కానీ సరుకు నాణ్యం తెలిసినవాడు కనుక, ఆ బుర్ర ముందు తన బుర్ర ఏ ధర పలుకుతుందో అతనికి తెలుసు. సర్దుకునేవాడు.

"గొడుగుల కొట్టు చిన్నకోడల్నండి," అందావిడ. "సాయంత్రంలోగా నిజం తేలకపోతే మామగారు నన్ను కొట్టు గుమ్మం ఎక్కనివ్వరు. ఇంట్లో దొంగ అనే పేరు మోస్తూ బతకాలి."

"ఏం పోయింది?"

"పోలేదండి, వచ్చింది. మా వెబ్‌సైటులో నేను రాయని పేజీ వచ్చింది."

ఫోను ముందుకు జరిపింది. పేజీ తీసేయకముందు ఎవరో ఖాతాదారు తెర ఫోటో తీసి పంపిన బొమ్మ అది. 'కొనేముందు ఒక నిజం' అని శీర్షిక. దాని కింద, తమ గొడుగుల ఊచలు ఒక్క వానకే విరుగుతాయనీ, బాగుచేసి ఇస్తామన్నది ఒట్టి మాటేననీ కొట్టువాళ్ళే ఒప్పుకున్నట్టు రాసి ఉంది. పక్కన నీలం, తెలుపు చారల గొడుగు ఫోటో. విరిగిన ఊచ గుడ్డను చీల్చుకుని బయటికొచ్చింది. అడుగున నిన్నటి తేదీ.

"నిన్ననే పెద్ద దుకాణాల కొనుగోలుదారు మా సైటు చూసి ఏడాది ఆర్డరు ఖాయం చేస్తానన్నాడు. ఇదే చూశాడు. ఆపేశాడు."

"ఆ సైటు ఎలా తయారవుతుందో నాకు అర్థమయ్యేలా చెప్పమ్మా."

"స్టాటిక్ సైట్ జనరేటర్ వాడతానండి."

"అయితే కరెంటు పోయినా నడుస్తుందన్నమాట," అన్నాడు కమీషను. ఆడిటరుగారు అతనివైపు చూడలేదు. అదే శిక్ష.

ఆవిడ మొదటిసారి నవ్వింది. "అదొక ప్రోగ్రామండి. గొడుగుకి చట్రం ఒకటే, గుడ్డలే వేరు కదా? ఇదీ అంతే. పేజీ ఎలా కనిపించాలో చట్రం ముందే చేసి పెట్టుకున్నాను. చెప్పాల్సిన సంగతిని మామూలు ఫైల్లో రాసి, పైన శీర్షిక, తేదీ వేసి ఫోల్డర్లో పడేస్తాను. ఒక్క ఆదేశమిస్తే ఫోల్డర్లో ఉన్నవన్నీ చట్రానికి బిగించి మొత్తం సైటు ఒకేసారి కట్టేస్తుంది. దాన్ని సర్వరుకి పంపితే లోకానికి కనిపిస్తుంది."

"ఉన్నవన్నీనా?"

"అన్నీ. ఎండ గొడుగుల పేజీ లాంటివి తప్ప. దానికి వేసవి తేదీ వేసి ఇప్పుడే రాసి పెట్టుకున్నాను. ఆ తేదీ వచ్చాక కడితేనే బయటికొస్తుంది."

"నిన్న కట్టి పంపింది ఎవరు?"

"నేనేనండి." ఆవిడ ఫోను బోర్లా పెట్టింది. "కొత్త రకాల పేజీ ఒక్కటే సరిచూసుకుని పంపేశాను. నా పాస్‌వర్డు, నా చెయ్యి. ఇంకెవరూ పంపలేదు. ఆ పాడు ఫైలు ఫోల్డర్లో కనబడగానే భయంతో తీసిపారేశాను."

"అంటే రసీదు చింపేశావు. కంప్యూటరు ఎవరైనా ముట్టుకోవచ్చా?"

"వెనక గదిలో ఉంటుంది. ఇంట్లోవాళ్ళ దగ్గర తాళమేమిటని తెరిచే ఉంచుతాను." కాస్త ఆగి, "మా అక్కకి నేనంటే గిట్టదండి. అదే, మా తోడికోడలు," అంది.

ఆడిటరుగారు తన ఫోనులో ఆ సైటు తెరిచి 'మా గురించి' అనే పేజీ దగ్గర చాలాసేపు ఆగారు. కమీషను కూడా తొంగిచూశాడు. కొట్టు ముందు మామగారు, ఊచలు బిగిస్తూ పెద్దకొడుకు, కౌంటర్లో పెద్దకోడలు, కంప్యూటరు ముందు చిన్నకోడలు. 'మా చిన్నకోడలు వచ్చాకే కొట్టు కళ్ళు తెరిచింది' అని మామగారి మాట.

"మీవారు లేరేమ్మా ఇందులో?"

"గుడ్డ కొనుగోలు ఆయనదేనండి. ఎప్పుడూ తిరుగుడే. ఫోటో దొరకలేదు. ఇవాళ మధ్యాహ్నం దిగుతారు."

ముగ్గురూ చేరిన కొట్టులో పైకప్పుకి గొడుగులు గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడుతున్నాయి. గల్లాపెట్టె పైన పాత చెక్క బోర్డు: 'విరిగిన గొడుగు పారెయ్యకండి. తెండి, బాగుచేస్తాం.' దాని కింద మామగారు మొహం గంటు పెట్టుకుని కూర్చున్నారు.

"అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాట్ట," అన్నారు చిన్నకోడలి వైపు చూడకుండా. "ఈ కొట్టులో ఎవరూ ఆ సామెత అనకూడదని నేనే నియమం పెట్టాను బాబూ. ఇవాళ నేనే అనాల్సొచ్చింది. నెత్తిన పెట్టుకున్నందుకు నెత్తి మీదే కొట్టింది."

పెద్దకొడుకు బల్ల దగ్గర్నుంచి తల ఎత్తలేదు. "ఇరవయ్యేళ్ళుగా ఈ ఊచలు నా చేతి మీదుగా వెళ్తున్నాయి. ఒక్క వానకే విరుగుతాయని రాస్తే తిట్టింది నన్నే కదండీ. ఆ కంప్యూటరు ఎటు తిరిగి ఉంటుందో కూడా నాకు తెలీదు."

పెద్దకోడలు మాత్రం నడుం మీద చెయ్యి వేసుకుని సిద్ధంగా ఉంది. "నామీదేగా అనుమానం? అడగండి. మరిదిగారి భార్య అంటే ఏడుపా అంటే, ఏడుపే. నేను కౌంటర్లో నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోతే అడిగిన దిక్కు లేదు. ఆవిడ కూర్చుని వేళ్ళాడిస్తే మామగారికి కళ్ళు తెరుచుకున్నాయట! అంతవరకూ మూసుకునే ఉన్నాయా?"

"నిన్నంతా ఇక్కడే ఉన్నారా?"

"ఎక్కడికి పోతాను? ఆ గది పక్కనే ఉన్నాను. కానీ ఒకటి చెప్తాను వినండి. ఫోటోలో ఉన్న నీలం చారల గుడ్డ ఈ కౌంటరు ఎక్కలేదు. నా చెయ్యి పడకుండా ఈ కొట్టులో ఒక్క గొడుగు అమ్ముడుపోదు. అది మా సరుకే కాదు."

కమీషనుకు ఆవిడే దొంగ అనిపించింది. అసూయను అంత బాహాటంగా పరిచి కూర్చున్న అంగడి అతను వేరే చూడలేదు. ఆ మాట గురువు చెవిలో వేయబోతుండగా చిన్నకొడుకు వానలోంచి లోపలికొచ్చాడు. జుట్టులోంచి, చొక్కాలోంచి నీళ్ళు కారుతున్నాయి. భుజాన సంచి, అందులోంచి ఒక వంపు పిడి బయటికి కనిపిస్తోంది.

"అయ్యో, తుడుచుకోండి," అంటూ భార్య సంచి అందుకోబోయింది. అతను దాన్ని వెనక్కి లాక్కుని గోడకి ఆనించాడు.

"గుడ్డ బేరం కుదిరిందా?" అన్నారు ఆడిటరుగారు మామూలుగా.

"నేను ఊళ్ళోనే లేను కదండీ. వారం కిందటే వెళ్ళాను. ఆ పేజీ సంగతి నాకేం తెలుస్తుంది?"

ఆడిటరుగారు తల ఊపి, కొట్టు తలుపు సగం వేయించారు. కంప్యూటరును తెచ్చి కౌంటరు మీద పెట్టించి అందర్నీ చుట్టూ నిలబెట్టారు.

"చిన్నమ్మా, రేపటి తేదీతో ఒక ఉత్తుత్తి పేజీ రాసి, సైటు కట్టు. సర్వరుకి పంపకు, మాకు చూపిస్తే చాలు."

ఆవిడ రాసింది, కట్టింది. తెర మీద ఆ పేజీ ఎక్కడా లేదు. తేదీ మార్చి ఇవాళ్టిది వేసి మళ్ళీ కట్టమన్నారు. ఈసారి పేజీ అన్నిటికంటే పైన వచ్చి కూర్చుంది. ఆవిడ చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది.

"అదీ సంగతి," అన్నారు ఆడిటరుగారు. "నిన్నటి పేజీ నిన్న రాసింది కాదు. ముందే రాసి, నిన్నటి తేదీ వేసి, వందల ఫైళ్ళ మధ్య దాచారు. ఈ అమ్మాయి ఎన్నిసార్లు సైటు కట్టినా అది నిద్రపోయింది. కొనుగోలుదారు కోసం నిన్న ఈమె ఎలాగూ కట్టి పంపుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పూట అది లేచింది. పాపం ఒకరిది, చెయ్యి ఇంకొకరిది. ఇప్పుడు లెక్క వేద్దాం. ఈ వాయిదా వల్ల లాభం ఎవరికి? పక్కనే నిలబడిన పెద్దమ్మకా? ఆవిడకైతే నష్టమే, అనుమానం ఆవిడ మీదికే వచ్చింది. ఆ రోజు ఇక్కడ లేనివాడికే లాభం."

మామగారు మెల్లగా చిన్నకొడుకు వైపు తిరిగారు.

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, గుడ్డ గురించి అడిగితే ఈయన ప్రయాణం గురించి చెప్పాడు. అడక్కుండా చూపించే రసీదు మీద నాకు నమ్మకం తక్కువ. అమ్మా, తేదీ సంగతి ఎవరికైనా చెప్పావా?"

"ఆయనకే," అందావిడ వినీవినిపించనట్టు. "ఎండ గొడుగుల పేజీ రాసిన రోజు పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను."

"ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా రాయొచ్చు!" అన్నాడు చిన్నకొడుకు. "నేనే అనడానికి రుజువేది?"

"గొడుగుల ఇంట్లో పుట్టినవాడు, సంచిలో గొడుగు పెట్టుకుని, నిలువునా తడిసి ఎందుకొచ్చాడు? కమీషనూ, దాన్ని విప్పు."

కమీషను పిడి పట్టి లాగి గొడుగు విప్పాడు. నీలం, తెలుపు చారలు. విరిగిన ఊచ గుడ్డలోంచి బయటికి పొడుచుకొచ్చింది. మిల్లువాళ్ళు గుడ్డ చూపించడానికి కుట్టి ఇచ్చిన నమూనా గొడుగు అది. కౌంటరు దాకా రాని సరుకు.

పెద్దకొడుకు వంగి ఆ ఊచను వేలితో తాకి, "చేత్తో వంచి విరిచాడు. వానకి ఇలా విరగదు," అన్నాడు.

"పోయినచోట దాన్ని పారెయ్యలేకపోయావురా?" అన్నారు మామగారు. ఏం అడగాలో తెలియక అడిగిన మాట అది.

"పారెయ్యడం మీరు నేర్పలేదు నాన్నా." అతను బోర్డు వైపు చూశాడు. "రెండుసార్లు చెత్తకుండీ దాకా వెళ్ళాను. చెయ్యి రాలేదు." తర్వాత భార్య మీదికి తిరిగాడు. "మిల్లులో అడుగుపెడితే 'వెబ్‌సైటమ్మగారి భర్తా?' అంటారు. ఇంటికొస్తే చిన్నకోడలు, చిన్నకోడలు. ఈ కొట్టులో ప్రతి గజం గుడ్డా నేను ఎంచి తెచ్చిందే. లోకానికి చూపించే పేజీలో నేను లేను. నువ్వే రాశావు దాన్ని."

ఆవిడ కళ్ళు దించుకుంది. అది అబద్ధం కాదు.

పెద్దకోడలు మాత్రం ఊరుకోలేదు. "నేనూ ఏడ్చాను మరిదీ. కానీ ఎదురుగా నిలబడి ఏడ్చాను. నీలాగా ముందే ఏడ్చి, కట్టుకున్నదాని చేత పంపించలేదు." తోడికోడలి వైపు తిరిగి, విసురుగానే, "ఏమే, నా పేరే చెప్పావటగా వీళ్ళకి?" అంది.

"చెప్పానక్కా. తప్పే."

"సరే, లోపలికెళ్ళి మొహం కడుక్కో. కౌంటరు నేను చూస్తాను."

మామగారు లేచారు. "రేపట్నుంచి వీడు ఈ గుమ్మం ఎక్కడానికి వీల్లేదు."

"వద్దు మామయ్యగారూ," అంది చిన్నకోడలు. మొహం కడుక్కోలేదు, కదల్లేదు. "నాకు వేయబోయిన శిక్షే అది. దానివల్ల కొనుగోలుదారు తిరిగి రాడు. నిజం రాస్తే వస్తాడేమో." కుర్చీ లాగి భర్త ముందు పెట్టింది. కొత్త ఫైలు తెరిచింది. "ఊచ ఎవరు విరిచారో, ఎందుకు విరిచారో మీరే రాయండి. మీ పేరు పెట్టండి. బావగారు ఆ గొడుగు బాగుచేశాక దాంతో మీ ఫోటో తీసి, ఆ పేజీలో నేను పెడతాను."

నిలబడ్డ అతని చొక్కా అంచుల్లోంచి నీళ్ళు కారి నేల మీద మడుగు కట్టాయి. పెద్దకొడుకు నమూనా గొడుగును తన బల్ల మీద వేసుకుని కొత్త ఊచ కోసం డబ్బాలో వెతుకుతున్నాడు. చివరికి చిన్నకొడుకు కూర్చుని, వేళ్ళు తుడుచుకుని, శీర్షిక దగ్గర ఆగాడు.

"అది తర్వాతైనా ఆలోచించుకోవచ్చు," అందావిడ, అతని భుజం వెనక నిలబడి. "తేదీ మాత్రం ఇవాళ్టిదే వెయ్యండి."