సగంవేలాయన షెడ్డు

...అయ్యో వదినా, నాలుగు రోజుల నుంచి చెప్తా చెప్తా అంటూనే ఉన్నాను, తిట్టుకోకు. ఇది రెండు ముక్కల్లో తేలేది కాదు మరి. కొంత మా బావగారి నోట విన్నది, కొంత మా అక్క చెప్పింది. ఇద్దరికీ తేడా వచ్చినచోట అక్క మాటే తీసుకున్నాను.

మూతపడ్డ నూనెమిల్లు వెనక రేకుల షెడ్డు గుర్తుందిగా? అదే, సగంవేలాయన షెడ్డు. ఆయన మిల్లు ట్రాక్టరు డ్రైవరు. కుడిచేతి చూపుడువేలు సగం ఫ్యాను బెల్టుకి ఇచ్చుకున్నాడు. మిల్లు మూశాక మనిషి మళ్ళీ కనబడలేదు... పోయాడన్నారు. ఎలా పోయాడంటే, ఒక్కొక్కరు ఒక్కోలా చంపారాయన్ని.

చీకటి పడితే లోపల్నుంచి "కిర్ర్... టక్... కిర్ర్... టక్" అని ఇంజను హ్యాండిల్ తిప్పుతున్న చప్పుడు వస్తుందట. విన్నవాడు మాత్రం ఎప్పుడూ పక్కింటివాడే.

అలాంటి షెడ్డునీ, అందులో తుప్పుపట్టిన ట్రాక్టరునీ కలిపి కొన్నారు మా బావగారు — లెక్కల మాస్టారు! పొలమా, సెంటు లేదు. సరదా అట. "పాతకాలపు బండిని కంపెనీలోంచి అప్పుడే దిగినట్టు చేస్తాను చూడు" అన్నారు.

మూడేళ్ళు వదినా! నట్టు నట్టూ విప్పారు, తోమారు, బిగించారు. మెకానిక్కుని పిలవమంటే "వాడికేం తెలుసు, నేను పుస్తకం చదివాను" అనేవారు. అసలు రంగేదో తేల్చడానికే నెల్లాళ్ళు గీకారు. అన్నిటికన్నా అడుగున ఎరుపు కనబడింది. ఇంకేం, ఎర్రరంగు డబ్బాలు దిగాయి.

అంతా బిగించాక ఒక తీగ మిగిలింది, కొసన నల్ల బొడిపెతో. "కంపెనీవాళ్ళు ఎక్కువేశారు" అని తేల్చేశారు. అక్క దాన్ని వంటింటి కిటికీకి కట్టి పరదా వేలాడదీసింది.

అన్నీ అయ్యాయి. స్టార్టు కావడం ఒక్కటే కాలేదు.

అక్కకి ఓపిక పోయింది. ఆదివారం పొద్దున్న పాత ఇనుమువాణ్ణి రమ్మంది. "శనివారం రాత్రి దాకా మీది. తెల్లారితే వాడిది." బావగారు ఆ పూట అన్నం మెతుకు ముట్టలేదు.

శనివారం చీకటి పడ్డాక ఒక్కరే షెడ్డుకి వెళ్ళారు. ఎలాగూ పోయేదే, అందంగా పోనీ అని బానెట్టుకి ఆఖరి పూత వేశారు. ట్రాక్టరు బ్యాటరీకే తగిలించిన చిన్న బల్బు... తడిరంగు మిలమిల... బయట కుక్క కూడా మొరగడం లేదు. కళ్ళు తుడుచుకుని, ఆఖరిసారి తాళం తిప్పారు.

డగ్...

డగ్... డగ్... డగ్‌డగ్‌డగ్—

అంటుకుంది! రేకులు అదిరిపోతున్నాయి. బావగారు దాన్ని కావలించుకోబోయి, రంగు తడిగా ఉందని ఆగారట. పరుగున అక్కని తీసుకొద్దామని, ముందు తాళం వెనక్కి తిప్పారు.

ఆగలేదు.

తాళంచెవి పీకేశారు... ఆగలేదు.

"బ్యాటరీ లేకుండా ఎలా నడుస్తావో చూస్తాను" అని దాని తీగ లాగేశారు. బల్బు ఆరిపోయింది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఇంజను మాత్రం... డగ్ డగ్ డగ్...

తాళంచెవి చేతిలో ఉంది. బ్యాటరీ తీగ నేలమీద ఉంది. మరి నడిపిస్తున్నదెవరు?

అప్పుడు... వెనకవైపు రేకు మెల్లగా కిర్రుమంది.

ఒక చెప్పు షెడ్డులో, ఒక చెప్పు సందులో, మనిషి ఇంట్లో!

"స్టార్టయిందా?" అంది అక్క. చప్పుడు వీధంతా వినబడుతోందిగా.

"అయింది."

"మరి ఆ మొహమేంటి?"

"ఆగట్లేదే..."

"మూడేళ్ళు స్టార్టవట్లేదని ఏడ్చారు. ఇప్పుడు ఆగట్లేదనా?"

"మెల్లగా... ఆయనొచ్చాడు."

ఎవరని అడిగితే, చూపుడువేలు సగానికి మడిచి చూపించారు.

అక్క టార్చి తీసుకుని బయల్దేరింది. బావగారు ఆవిడ వెనకాల. షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చారో లేదో — ఇంజను టక్కున ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఉంది చూశావూ... చప్పుడే నయం.

అక్క టార్చి వేసింది. తడి బానెట్టు మీద అరచెయ్యి ముద్ర. నాలుగు వేళ్ళు నిండుగా ఉన్నాయి. చూపుడువేలు... సగమే.

"ఏమండీ..." అంది అక్క.

సీటు మీది చీకట్లోంచి బొంగురు గొంతు — "స్టాపు వైరు ఏదండీ?"

టార్చి పైకి లేచింది. తెల్లగడ్డం, ఎర్రటి అరచెయ్యి. ముసలాయన చెయ్యి గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"నువ్వు... పోయావన్నారే?"

"ఎవరన్నారు?"

"అందరూ."

"నన్నెవరూ అడగలేదే మాస్టారూ. రెండు వీధుల అవతల మా అమ్మాయింట్లోనే ఉంటున్నాను."

పాపం, ఇన్నేళ్ళూ వారానికోసారి వెనక రేకు తోసుకుని వచ్చి, ఇంజను పట్టేయకుండా హ్యాండిల్ నాలుగు చుట్లు తిప్పి పోతున్నాడట! "పోయినేడాది పలకరిద్దామని గుమ్మంలో నిలబడ్డాను. మీరే లైటార్పేసి పరిగెత్తారు. డీజిలు గొట్టంలో గాలి పట్టింది, అదుంటే జన్మలో అంటుకోదు. నిన్న నేనే తీసేశాను. ఇవాళ అంటుకున్న చప్పుడు విని వచ్చాను."

డీజిలు ఇంజను ఒకసారి అంటుకున్నాక తాళంతో, బ్యాటరీతో దానికి పనే లేదట వదినా. డీజిలు ఆపే వైరు లాగాలి. అది లేకపోయేసరికి ఆయన చీకట్లో బానెట్టు తడుముకుని, డీజిలు పంపు మీటని చేత్తోనే నొక్కి ఆపాడు.

"నల్ల బొడిపె ఉంటుంది, ఆ తీగేనా?" అంది అక్క. "మా వంటింటి పరదాకి ఉంది." బావగారి వైపు చూడనైనా లేదు. అంతకన్నా తిట్టు ఏముంటుంది?

ముసలాయన అరచేతిని వెలుగులో తిప్పి చూసుకున్నాడు. "అన్నట్టు, ఈ ఎరుపేంటి మాస్టారూ? ఇది నీలం బండి. ఎరుపు తుప్పు పట్టకుండా అడుగున కొడతారు."

బావగారు అక్కడే నేలమీద చతికిలబడ్డారు. "దెయ్యమైనా బాగుండేదే" అన్నారట!

ఆదివారం ఇనుమువాడు తక్కెడతో వస్తే అక్కే పంపేసింది. ఇక ఊళ్ళోవాళ్ళ సంగతంటావా... "చచ్చినవాడు ట్రాక్టరు తోలుతున్నాడు, చూశారా" అంటున్నారు. ఆయనకి పక్కనుంచి నమస్కారం పెట్టి మరీ!

అదుగో, ఫోనులో డగ్ డగ్ వినబడుతోందా? మా వీధిలోకే వచ్చారు. తోలేది ఆయనే. బావగారు మడ్‌గార్డు మీద చంటిపిల్లాడిలా కూర్చున్నారు. చేతిముద్ర చెరగకూడదని బానెట్టు మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వట్లేదు... ఆఁ? నన్నా? — వస్తున్నా బావగారూ, ముందు ఆపండి! — ఆపరట వదినా, ఆపితే మళ్ళీ అంటుకుంటుందో లేదో అని... నడుస్తుండగానే ఎక్కాలట... అయ్యో ఉండండి, నా చెప్పు—